సందెవేళ నిద్రపోయే మొక్కలు

మా ఇల్లు బెంగళూరులో వర్తూరు చెరువుకు ఎదురుగా ఉంది. ఎదురుగా అంటే, మధ్యలో రెండు అపార్ట్‌మెంట్లు, ఒక కల్యాణ మండపం, ఒక టైర్ల దుకాణం ఉన్నాయి. వాటన్నిటి వెనకాల చెరువు. ఇల్లు అమ్మినాయన నన్ను మిద్దె మీదికి తీసుకెళ్లి, నీళ్ళ ట్యాంకు పక్కన నిలబెట్టి, నా తలను రెండు చేతులతో పట్టుకొని ఈశాన్యానికి తిప్పి, "అదిగో సార్, లేక్ వ్యూ" అన్నాడు. మెడ పట్టేసేదాకా ఆ భంగిమలో నిలబడితే దోసెడు నీళ్ళు కనిపించిన మాట నిజమే. మేము చెరువును చూడటానికి ఇంత వ్యాయామం చేయాలి గానీ, చెరువులో పుట్టిన దోమలకు మాత్రం మా ఇల్లు ఏ అడ్డమూ లేకుండా కనిపిస్తుంది. వ్యూ కొనుక్కున్నది మేము, దక్కింది వాటికి.

నేను పుట్టి పెరిగింది ఇదే ఊరి పాత బళేపేటలో, గాజుల దుకాణాల వెనక సందులో. అక్కడా దోమలుండేవి. కానీ ఆ సందు ఎంత ఇరుకంటే, దోమ రెక్కలు పూర్తిగా చాపితే రెండు వైపులా గోడలు తగిలేవి. అందుకని పాపం నడిచి వచ్చేవి. నడిచొచ్చే దోమను కొట్టడం పెద్ద విద్యేమీ కాదు. వర్తూరు దోమ అలా కాదు. చెరువు గాలి మీద, బారులు తీరి, పెళ్ళివారిలా వస్తుంది. ఒకటి నన్ను కుట్టి వెళ్తూ, జారిన నా కళ్ళజోడును సర్ది మరీ వెళ్ళింది. ఇంకొకటి మోచేతి మీద వాలితే ఆ బరువుకు చెయ్యి కిందికి దిగింది. ఇవన్నీ అబద్ధాలని నా భార్య అంటుంది. ఆమెకు లెక్క ఎక్కువ, ఊహ తక్కువ.

ఇంతకీ ఇదంతా ఆమె గురించే. పెళ్ళై హిందూపురం నుంచి వచ్చినప్పుడు ఆమె వెంట ఒక వీణ వచ్చింది. మొదటి ఏడాది వాయించింది. తరువాత పిల్లలు, వాళ్ళ జ్వరాలు, వాళ్ళ పరీక్షలు, నా బదిలీలు, నా అజీర్తి. వీటన్నిటి మధ్య వీణ గుడ్డ తొడుగు వేసుకొని బీరువా మీదికెక్కింది. అక్కడ అది ఎంతకాలం ఉందంటే, మా ఇంటికొచ్చిన ఒక బంధువు తలెత్తి చూసి, "పైన పడుకున్నదెవరు?" అని గొంతు తగ్గించి అడిగాడు.

పిల్లలు చదువులకని వేరే ఊళ్ళు పట్టాక ఆమె ఒకరోజు స్టూలు వేసుకొని తానే దాన్ని దించింది. తీగలు మార్పించింది. మెట్లకు మైనం కొత్తగా వేయించింది. మా వరసలోని ఇళ్ళ పిల్లలు ఒకరొకరుగా వచ్చి చేరారు. ఉన్నవి రెండు వీణలు, ఒకటి ఆమెది, ఒకటి పాతది ఎక్కడినుంచో తెప్పించినది. ఇద్దరు వాయిస్తుంటే మిగతావాళ్ళు పాడుతూ తమ వంతు కోసం కూర్చునేవాళ్ళు. సాయంత్రం వరండాలో చాప పరిచి ఆమె వాళ్ళ చేత సరళీ వరసలు అనిపిస్తుంటే ముఖంలో ఒక వెలుగు వచ్చేది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ వెలుగు నా వల్ల వచ్చిన సందర్భం ఒక్కటీ నాకు గుర్తుకు రాదు. ఆమెకూ రాదట, అడిగాను.

"ఈ క్లాసు నిలిచిపోతే మళ్ళ మొదలుపెట్టేది ఉండదండీ," అని ఒకసారి అంది, వీణ బుర్రను మెత్తని గుడ్డతో తుడుస్తూ. "ఇంకోసారి స్టూలెక్కే ఓపిక నాకు లేదు. తొడుగేసి మీ బీరువా మీదే పెట్టేస్తా."

నవ్వుతూనే అంది. కానీ ఆ నవ్వులో నాకు నచ్చని గట్టితనం ఏదో ఉంది.

వరండాలోనే క్లాసు ఎందుకు, హాల్లో పెట్టుకోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. అడిగారంటే మా అమ్మను మీరు ఎరగరన్నమాట. సాయంత్రం హాలు ఆమెది. ఆ వేళకు ఆమె టీవీలో సీరియళ్ళు చూస్తుంది. చూస్తుంది అనడం తక్కువ మాట, నడుపుతుంది. "ఆ పాలు తాగొద్దమ్మీ, దాంట్లో ఏమో కలిపిండాది" అని కథానాయికను హెచ్చరిస్తుంది. ఆ పిల్ల వినదు, తాగుతుంది. "చెప్తే వినరు ఈ కాలం వాళ్ళు" అని నావైపు చూస్తుంది. అంతటి బాధ్యత నెత్తిన ఉన్న మనిషిని హాల్లోంచి లేవమనే మొనగాడు మా వంశంలో ఇంకా పుట్టలేదు.

పోనీ వేళ మార్చొచ్చు కదా? బెంగళూరు పిల్లలకు బడి, బడి బస్సు, ఆ బస్సు ఇరుక్కునే ట్రాఫిక్, ఆపైన లెక్కల ట్యూషను. వీటి మధ్య మిగిలిన ఖాళీ సరిగ్గా పొద్దుగూకే వేళ ఒక్కటే. దోమలకూ అదే డ్యూటీ టైము.

పైగా దోమలకు వీణ క్లాసు కంటే మంచి విందు ప్రపంచంలో ఇంకోటి లేదు. ఆలోచించి చూడండి. వయొలిన్ వాయించేవాడి చేతిలో కమాను ఉంటుంది, విసరొచ్చు. వేణువు వాడు ఊదొచ్చు. మృదంగం వాడు వేసే దెబ్బల్లో ఒకటి పక్కకు మళ్ళించొచ్చు. వీణ వాయించే మనిషి మాత్రం నేలమీద మఠం వేసుకొని కూర్చుంటుంది. పాదాలు బయటికి. ఎడమచెయ్యి మెట్ల మీద, కుడిచెయ్యి తీగల మీద. కుట్టినా గోక్కోవడానికి లేదు. వడ్డించిన విస్తరి.

పిల్లలు "స రి గ మ ప" అంటూ ఎక్కేవాళ్ళు, ఇంతలో ఫట్! ధైవతం దోమతో పాటే పోయేది. ఆది తాళానికి ఎనిమిది అక్షరాలు. మా వరండాలో పదమూడో పద్నాలుగో పడేవి. ఒక పిల్ల రిషభం మీద ఎంత అందంగా వేలు ఊపిందంటే నా భార్య, "భలే! గమకం వచ్చేసిందే నీకు" అని మురిసిపోయింది. "లేదు ఆంటీ, మోకాలి కింద కుట్టింది" అంది ఆ పిల్ల.

చేయాల్సిన ప్రయత్నాలన్నీ చేశాం. కాయిల్ ముట్టిస్తే దోమలకంటే ముందు పిల్లలు పడిపోయారు, దగ్గులతో. గోడకు పెట్టే మందు మిషను నాలుగు గోడల మధ్య పనిచేస్తుందేమో. మా వరండాకు ఉన్నది ఒక్క గోడ. ఆ మందు వాసన ఎదురింటికి పోయి, అక్కడి దోమలు కూడా చిరాకుపడి మా ఇంటికే వచ్చేశాయి. ఆ తరువాత కరెంటు బ్యాటు పట్టుకొని నేనే రంగంలోకి దిగాను. ఆమె మంద్రంలో ఒక స్వరం పట్టి నిలిపేది. దాని పక్కనే నేను "చిట్" అనిపించేవాణ్ణి. పిల్లలు తాళం మానేసి నా స్కోరు లెక్కపెట్టసాగారు. మూడోనాడు నా భార్య బ్యాటు లాక్కొని, "మీకంటే దోమలే నయం, అవి కనీసం శ్రుతిలో ఉంటాయి" అంది.

అలాంటి రోజుల్లో ఎదురింటాయన గేటు దగ్గరికొచ్చాడు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఏదో స్టార్టప్‌లో పనిచేస్తాడు. విజయవాడ వైపు వాళ్ళు. వాళ్ళ పాపే మా క్లాసులో అందరికంటే బాగా వాయించేది. నా భార్య ఆశలన్నీ ఆ పిల్ల వేళ్ళ మీదే. ఆయన నాకంటే పదేళ్ళు చిన్న, మహా అయితే. నన్ను మాత్రం నిర్దాక్షిణ్యంగా "అంకుల్" అంటాడు.

"ఆంటీ, యాక్చువల్లీ మ్యూజిక్‌తో నాకు ఇష్యూ ఏం లేదు," అన్నాడు, ఒక కాలి బూటుతో రెండో పిక్క గోక్కుంటూ. "కానీ పాప లెగ్స్ చూడండి, ఫుల్ రెడ్ డాట్స్. డెంగీ అదీ ఇదీ అంటే టెన్షన్ కదా. మా ఫ్రెండ్ వాళ్ళ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో కీబోర్డ్ క్లాస్ ఉంది. ఏసీ. మిగతా పేరెంట్స్ కూడా గ్రూప్‌లో అదే డిస్కస్ చేస్తున్నారు. దసరా దాకా చూద్దాం ఆంటీ. అప్పటికీ ఇలాగే ఉంటే షిఫ్ట్ చేసేస్తాం. ఏమనుకోకండి."

"ఏమీ అనుకోను," అంది నా భార్య. అనుకుంది. ఆ రాత్రి పప్పులో ఉప్పు లేదు, ఆమె పాతికేళ్ళ వంటలో మొదటిసారి.

అప్పుడు నాలో ఒక మహాపురుషుడు మేల్కొన్నాడు. మొక్కలు! దోమలను తరిమే మొక్కలు! ఫోన్‌లో ఒక వీడియో చూశాను. తెల్లగడ్డం ఆయనెవరో ఒక కుండీని ఎత్తి చూపించి, "ఇది ఉన్న చోట దోమ ఉండదు" అన్నాడు. ఆ వీడియో వెనకాలే ఇంకోటి, దాని వెనకాల ఇంకోటి. తెల్లారేసరికి నేను వృక్షశాస్త్రంలో ఆ తెల్లగడ్డం ఆయనకు పాఠం చెప్పే స్థితికి వచ్చేశాను. ఏ వీడియోనూ పూర్తిగా చూడలేదు. విషయం అర్థమయ్యాక చివరిదాకా చూడటం సోమరుల పని.

సర్జాపుర రోడ్డులో ఒక నర్సరీకి వెళ్ళాను. అక్కడి మనిషి మాలూరు వైపువాడు, తెలుగులో కన్నడం కలుపుతాడు, మాట కలపడంలో దిట్ట.

"దోమలకా సార్? యాడ ఉండాది ఇల్లు?"

"వర్తూరు."

ఆయన కళ్ళలో జాలి, వ్యాపారం ఒకేసారి మెరిశాయి. "అట్లయితే ఒక గిడ చాలదు సార్. సైన్యం బేకు."

సైన్యం ఇచ్చాడు. నిమ్మగడ్డి, సిట్రొనెల్లా గడ్డి. ఈ రెండూ ఒకటే అని నా భార్య అంటుంది, రెండూ ఒకటే అయితే నేను రెండు ఎందుకు తెస్తాను? బంతి, పుదీనా, మూడు రకాల తులసి. "మస్కిటో గిడ", అంటే దోమల మొక్క, అని ఒకటి, ముడతల ఆకులది. ఇంగ్లీషు సీమ నుంచి వచ్చిందని లావెండర్ ఒకటి, అది ఇంటికొచ్చే దారిలో మారతహళ్ళి సిగ్నల్ దగ్గరే ప్రాణం విడిచింది. అంతసేపు ఆ సిగ్నల్‌లో ఉంటే నాకే కష్టమైంది, సీమ మొక్క ఏం తట్టుకుంటుంది? చివరగా ఒక వావిలి మొక్క. నర్సరీ ఆయన ఉత్తినే ఇచ్చాడు, బహుశా జాలితో.

ఆటోలో ఆ అడవి మధ్య నేను కూర్చున్నానో, నా ఒడిలో అడవి కూర్చుందో చెప్పలేను. ఇంటి ముందు దిగేసరికి మా వీధి మనుషులు నన్ను గుర్తుపట్టక, కార్పొరేషన్ వాళ్ళు చెట్లు నాటడానికి వచ్చారనుకున్నారు.

అమ్మ గుమ్మంలోకి వచ్చి చూసింది. "ఏమప్పా, కాపురం తోటలోకి మారుస్తుండావా?"

"దోమలకమ్మా. ఇవి ఉంటే దోమ గేటు దాటదు."

ఆమె ఒక్కొక్క కుండీ చూసుకుంటూ వచ్చి వావిలి దగ్గర ఆగింది. ఆకు ముట్టి, వేలు వాసన చూసుకుంది. "ఓహ్, వావిలాకు! బాలింతకు నీళ్ళు పోసేకి దీన్నే వాడేది మేము. నువ్వు పుట్టినప్పుడు మీ అవ్వ బళేపేట అంతా తిరిగి తెచ్చింది దీన్ని." అంతమందిలో ఒక బంధువు దొరికినట్టు దాన్ని గుమ్మానికి దగ్గరగా జరుపుకుంది.

వరండా అంచున వరసగా కుండీలు పెట్టాను. మర్నాడు పొద్దున్నే లేచి, పుట్టినరోజు పిల్లవాడిలా, అన్నిటికీ నీళ్ళు పోశాను. కుండీల అడుగు రంధ్రాల్లోంచి ఎర్రటి బురద నీళ్ళు బయలుదేరి, వరండా దాటి, మెట్లు దిగి, అమ్మ అప్పుడే పెట్టిన ముగ్గు మధ్యలోంచి కాలవలా సాగిపోయాయి.

"ఏమప్పా!" అని వినిపించింది. "నేను ముగ్గు పెట్టింది లక్ష్మి లోపలికి వచ్చేకా, నీ బురద బయటికి పోయేకా?"

లక్ష్మితో పేచీ పెట్టుకునే ధైర్యం నాకు లేదు. ఆ మధ్యాహ్నమే వెళ్ళి ప్రతి కుండీ కిందికీ ఒక ప్లాస్టిక్ పళ్ళెం తెచ్చాను. లోతైన పళ్ళేలు. చుక్క బయటికి పోదు. మర్నాటి నుంచి ముగ్గు ముగ్గులాగే ఉంది, అమ్మ తృప్తిపడింది. మొక్కలకు ఎక్కువైన నీళ్ళు పళ్ళేల్లో తేటగా నిలిచాయి. నీళ్ళ ట్యాంకర్ కోసం వీధంతా పడిగాపులు పడే మా ఊళ్ళో ఒక్క చుక్క వృథా చేయని ఇల్లు మాదే అని నాకు గర్వంగా కూడా ఉండేది.

సాయంత్రం క్లాసు మొదలైంది. పిల్లలు చుట్టూ పచ్చదనం చూసి "వావ్" అన్నారు. దోమలు కూడా అన్నాయనుకుంటాను. రోజూ చెరువు నుంచి ఏకబిగిన ఎగిరొచ్చేవి కదా, ఇప్పుడు నిమ్మగడ్డి మీద కాసేపు కాళ్ళు చాపుకొని, బంతిపూల మీద నుంచి ఎవరి పాదాలు మెత్తగా ఉన్నాయో తీరిగ్గా చూసుకొని, అప్పుడు కుట్టసాగాయి.

"మీ సైన్యం దోమలకే కాపలా ఉండాదండీ," అంది నా భార్య.

అప్పుడు వెళ్ళి ఆ వీడియోను చివరిదాకా చూశాను. తెల్లగడ్డం ఆయన చివర్లో తాపీగా సెలవిచ్చాడు: మొక్క ఊరికే నిలబడితే లాభం లేదు, ఆకు నలిపితేనే అందులోని నూనె బయటికొస్తుంది, ఆ వాసనకే దోమ దూరంగా పోతుంది. అది ముందే చెప్పొచ్చు కదా!

మర్నాడు క్లాసు మొదలవగానే గుప్పెడు ఆకులు నలపబోయి తులసి మీద చెయ్యి వేశాను.

"అప్పా!"

హాలు కిటికీలోంచి వచ్చిన ఆ కేకకు తీగలు వాటంతట అవే మోగాయి. అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టి, అప్పుడే టీవీ ముందు కూర్చుంది.

"పొద్దుగూకినాక చెట్టు మీద చెయ్యేస్తావా? దీపం పెట్టేసినాను. చెట్లు నిద్దరపోతుండావి."

"అమ్మా, ఆకు నలిపితేనే దోమ పోతుంది."

"పగలంతా ఎండలో నిలబడి పన్జేసినావి. ఇప్పుడు వాటి నిద్దర చెడగొడతావా? నిన్ను నిద్దరలో గిచ్చితే ఎట్లుంటాది?"

"నన్ను ఇప్పుడు దోమలు గిచ్చుతున్నాయమ్మా."

"అవి పాపం చేసినాయని నువ్వూ చేస్తావా?"

నేను నా భార్య వైపు చూశాను. చదువుకున్న మనిషి, బీఎస్సీ. ఆమె తల అడ్డంగా ఊపింది. "అత్త చెప్పింది నిజమేనండీ. మా ఇంట్లోనూ సందెవేళ కరివేపాకు కూడా తెంపరు. పిల్లల ముందర ఎందుకు, వదిలేయండి." విజ్ఞానశాస్త్రం ఆ క్షణాన మా వరండాలో ఒంటరిదైంది. నాకైనా, నిజం చెబితే, తెంపడానికి చెయ్యి రాలేదు. చిన్నప్పుడు మల్లెమొగ్గ తెంపి తిన్న దెబ్బ వీపు మీద ఇంకా ఎక్కడో ఉంది.

చూడండి మా పరిస్థితి. దోమ వచ్చేది సందెవేళ. దోమను తరిమే ఆకు ఉంది, చేతికందే దూరంలో. ఆ ఆకును సందెవేళ ముట్టకూడదు. దోమలకు ఈ నియమం తెలుసు. లేకపోతే ఆ ఆకుల మీదే అంత ధీమాగా ఎలా కూర్చుంటాయి?

రాజీ ప్రయత్నాలు చేశాను. దీపం కొంచెం ఆలస్యంగా పెట్టమన్నాను. "సందె నా అగ్గిపెట్టెలో లేదప్పా, ఆకాశంలో ఉండాది" అంది. పగలు రెండింటికే ఆకులు కోసి ఉంచాను. సాయంత్రానికి అవి వడిలి, వాసన కూడా పగటి నిద్రలోకి జారుకుంది. సరే, పిల్లలు రాగానే, దీపానికి ముందే ఆకులు నలిపి చేతులకు రాసుకోమన్నాను. రాసుకున్నారు. ఆ జిగురు చేతులతోనే వీణ ముట్టారు. తీగలకు పసరు, మెట్లకు పసరు, మైనంలో నిమ్మగడ్డి పీచు. కల్యాణి మొదలుపెడితే పుదీనా పచ్చడి వాసన వచ్చేది. నా భార్య రెండు గంటలు కూర్చొని వీణను తుడిచింది. పచ్చబడిన ఆ గుడ్డను తెచ్చి నా కుర్చీ చేతి మీద ఆరేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంతలో ఇంకో వింత మొదలైంది. దోమలు పెరిగాయి. ఇదివరకు సందెకే వచ్చేవి. ఇప్పుడు పొద్దున కాఫీ వేళకు కూడా చారల కాళ్ళవి కొత్తరకం వచ్చి కూర్చునేవి. నేను మొక్కలకు ఇంకొంచెం నీళ్ళు పోశాను. బలంగా పెరిగితే బలంగా తరుముతాయని. పళ్ళేలు నిండుగా, కన్నీళ్ళతో నిండిన కళ్ళలా ఉండేవి.

ఒక సాయంత్రం ఎదురింటి పాప తన వంతు కోసం కూర్చొని, పుదీనా కుండీ కింద పళ్ళెంలోకి వంగి చూస్తూ సంతోషంగా అరిచింది. "ఆంటీ! చేప పిల్లలు! ఎంత బాగా డ్యాన్స్ చేస్తున్నాయో!"

అందరూ వంగారు. పళ్ళెం నీళ్ళలో వెంట్రుకంత పురుగులు తలకిందులుగా వేలాడుతూ, ముడుచుకుంటూ, విచ్చుకుంటూ, మహానందంగా ఉన్నాయి. పక్క పళ్ళెంలో చూశాం. అక్కడా. దాని పక్కన. అక్కడ ఇంకా ఎక్కువ. తులసి కింద మాత్రం కొంచెం తక్కువ, భక్తి వల్ల కావచ్చు. చెరువు నుంచి దోమలు రావడం ఎప్పుడో మానేశాయి కాబోలు. అంత దూరం ఎగరాల్సిన ఖర్మ వాటికేమిటి? నేను ఇంటి దగ్గరే, నీడపట్టున, పాత నీళ్ళు పారబోయకుండా రోజూ మంచినీళ్ళు పోస్తూ వాటికి ప్రసూతి ఆసుపత్రి నడుపుతున్నాను.

పాపను తీసుకెళ్ళడానికి వచ్చిన ఎదురింటాయన గేటు దగ్గర్నుంచే చూశాడు. వచ్చి ఇంకా దగ్గరగా చూశాడు. "అంకుల్," అన్నాడు, చాలా మర్యాదగా. "ఇవి మస్కిటో లార్వా."

"తెలుసు," అన్నాను.

"తెలిసే పెట్టారా?"

నా భార్య నా వైపు చూసింది. నేను అమ్మ వైపు చూశాను. పళ్ళేలు ఆమె ముగ్గు కోసం కదా తెచ్చింది. అమ్మ టీవీ వైపు చూసింది. టీవీలో ఎవరో ఎవరినో ఇంట్లోంచి వెళ్ళిపొమ్మంటున్నారు.

ఆ రాత్రికే పళ్ళేలన్నీ ఎత్తి, నీళ్ళు పొడి మట్టిలో పారబోసి, చెత్తబండికి సిద్ధం చేశాను. కానీ వార్త మాత్రం తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో, ఫోటోతో సహా, నాకంటే ముందు తిరిగింది. మర్నాడు సగం మంది రాలేదు. ఆ మర్నాడు ఇంకా తక్కువ. దసరాకి వారం ఉందనగా ఒక సాయంత్రం ఎదురింటి పాప ఒక్కతే వచ్చింది. వెళ్ళొద్దంటే ఏడ్చిందట. తండ్రి కూడా వెంటే వచ్చి గేటు లోపల నిలబడ్డాడు.

"ఈ ఒక్కరోజు చూస్తాను ఆంటీ. ఇవాళ కూడా కుడితే రేపట్నుంచి కీబోర్డ్. పాపకి కూడా చెప్పేశాను."

చాప మీద రెండు వీణలు, ఇద్దరే మనుషులు. నా భార్య మొదలుపెట్టింది, పిల్ల అందుకుంది. లోపల దీపం పెట్టడం అయిపోయింది. హాల్లో సీరియల్ పాట. పళ్ళేలు పోయినా, అప్పటికే రెక్కలొచ్చిన మా ఇంటి పిల్లలు ఎక్కడికి పోతాయి? వచ్చాయి. నా భార్య పాదం మీద ఒకటి వాలింది, చీలమండ మీద ఇంకొకటి, మడమ వెనక మూడోది. ఆమె చెయ్యి కదపలేదు. పిల్ల తప్పులేకుండా వస్తోంది, ఆ వరస మధ్యలో ఆపడం ఆమెకు ఇష్టం లేదు. పెదవి పంటి కింద పెట్టుకొని వాయించింది. గుమ్మం పక్కనే వావిలి మొక్క నిలబడి ఉంది. నేను చెయ్యి చాపి, కిటికీ వైపు చూసి, వెనక్కి తీసుకున్నాను.

అప్పుడు పాప "అబ్బా!" అని కాలు లాక్కుంది. తండ్రి, ఇక చాలన్నట్టు, చూస్తున్న ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

నా భార్య కుడిచేతిని తీగల మీద ఆన్చి మోత ఆపింది. రెండు చేతులూ వీణ మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. నా వైపు చూడకుండానే, "ఏమండీ, ఆ తొడుగు తెండి" అంది.

ఇంత మామూలుగా అన్న మాట నేను ఇంతవరకూ వినలేదు. లోపలికి వెళ్ళాను. తొడుగు పట్టుకొని తిరిగి వస్తుంటే హాలు నిశ్శబ్దంగా ఉంది. టీవీ నల్లగా ఉంది. కరెంటు పోయిందనుకున్నాను. ఫ్యాను తిరుగుతోంది.

అమ్మ వరండాలో ఉంది. వావిలి మొక్క ముందు నిలబడి, దాని కాండాన్ని, నిద్రపోతున్న బిడ్డ వీపు నిమిరినట్టు, నిమురుతోంది.

"లెయ్ తల్లీ," అంది. "స్వల్ప లెయ్. పగలంతా కష్టపడినావు, నాకు తెలుసు. నిద్దర చెడగొట్టిందని నన్ను తిట్టుకోవద్దు. ఇంటి ఆడబిడ్డకు కాళ్ళు మండుతుండావి."

ఒక్క క్షణం ఆగింది, అది లేవడానికి. తరువాత రెమ్మ తెంపింది. అరచేతుల మధ్య ఆకును పసరు వచ్చేదాకా నలిపింది. గోడ పట్టుకొని, మోకాళ్ళు పట్టుకొని, మెల్లగా నా భార్య ఎదురుగా నేల మీద కూర్చొని, ఆమె పాదం చేతిలోకి తీసుకుంది.

"అత్తా!" నా భార్య అదిరిపడింది. "అయ్యో, మీరు నా కాళ్ళు పట్టుకుంటారా! వద్దత్తా, నాకు పాపం తగులుతాది!"

"తగిలితే నాకు తగలనీలే. ఇప్పుడే ఒకటి మూటగట్టుకున్నా, దాంట్లోనే ఇదీ వేసుకుంటా. అట్ల లాక్కోవద్దు కాలు. చేతులు రెండూ వీణ మీద ఉంటే నువ్వెట్ల రాసుకుంటావమ్మీ? పెట్టు, మళ్ళ పెట్టు చేతులు. వాయించు."

"అత్తా..."

"వాయించమంటుండా కదా!"

నా భార్య చేతులు వీణ మీదికి వెళ్ళాయి. మొదటి స్వరం వణికింది. అది గమకం కాదని సంగీతం తెలియని నాకు కూడా తెలిసింది.

అమ్మ రెండో పాదం కూడా పూర్తిచేసి, ఎదురింటాయన వైపు తిరిగింది. "ఏమప్పా, నీ బిడ్డ కాళ్ళకు కూడా నేనే రాయాల్నా? చేతులు రెండూ జేబుల్లో పెట్టుకోని నిలబడుండావు."

"అంటే మామ్మగారూ, ఈ లీఫ్... స్కిన్‌కి సేఫేనా?"

"దీంతోనే నా కొడుక్కి పురిటి స్నానం చేయించినాము. చూడు, ఎట్లుండాడో."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. నేను సాక్ష్యంగా ఎంత పనికొచ్చానో గానీ, ఆయన బూట్లు విప్పి, ఇస్త్రీ ప్యాంటుతోనే నేల మీద కూర్చొని, రెమ్మ అందుకున్నాడు. పాప కిలకిలా నవ్వి, "నాన్నా, చక్కిలిగింతలు!" అంటూ వీణ మీదికి వంగింది. ఘాటుగా, పచ్చిగా వావిలి వాసన వరండా అంతా నిండింది. దోమలు చుట్టూ తిరిగి, సందేహించి, ఆకు రాసుకోని మనిషి ఎవరా అని వెతికి, తొడుగు పట్టుకొని నిలబడిన నా మీదికి సకుటుంబంగా వచ్చాయి. నా చేతులూ ఖాళీగా లేవు. ఎవరూ నా కాళ్ళు పట్టుకోలేదు.

అమ్మ పైకి లేవబోయి, మోకాళ్ళు ఒప్పుకోక, మళ్ళీ కూర్చుంది. "నేల చల్లగా ఉండాది. ఏమప్పా, సుమ్నే ఊరికే నిలబడి చూస్తుండావు, ఆ గుడ్డేదో ఇట్ల తే."

నా చేతిలోంచి వీణ తొడుగు లాక్కుంది. నాలుగు మడతలు వేసింది, కిందికి తోసుకొని, దాని మీద సర్దుకొని కూర్చుంది. రెండో పాట అవగానే ఇంకో రెమ్మ లేపాలని చెప్పింది.

మర్నాడూ అక్కడే కూర్చుంది, దాని మీదే. ఆ మర్నాడు ఇద్దరు పిల్లలు తిరిగొచ్చారు, వెంట వాళ్ళ కాళ్ళకు ఆకు రాయడానికి ఇద్దరు తల్లులు. అందరినీ అదిలిస్తూ అమ్మ ఆ తొడుగు మీద కూర్చొని ఉండేది. ఆమెను లేపి, దాన్ని దులిపి, మళ్ళీ వీణకు తొడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.